వాయింపనేరని వాద్యశిల్పి

పెండ్లి పందిళ్ళలోను, ప్రార్థనామందిరములలోను నేడు బాస్ గిటారు మ్రోగుచునేయున్నది. మా పరిగివంటి చిన్న పట్టణమున గూడ ఆ మంద్రనాదము క్రొత్తది కాదు. దానిని లోకమెల్ల వ్యాపింపజేసిన లియో ఫెండరు చరిత్ర మాత్రము కొలదిమందికే తెలియును. జీవితమంతయు గిటార్లు నిర్మించిన ఈ మహాశయునకు గిటారు వాయించుట రాదన్నచో ఆశ్చర్యము కలుగక మానదు.

ఫెండరు 1909 ఆగస్టు 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నారింజతోటల రైతుకుటుంబమున జన్మించెను. బాల్యముననే ఒక కన్ను కోల్పోయి, గాజుకన్నుతో జీవితము గడపెను. రేడియోలపై మక్కువ చిన్ననాటనే అంకురించినను, కళాశాలలో చదివినది జమాఖర్చుల లెక్కలు. ఆర్థికమాంద్యపు రోజులలో ఉద్యోగము పోయెను. 1938లో 600 డాలర్లు అప్పుచేసి ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతు దుకాణము తెరచెను.

అచ్చటికి సంగీతజ్ఞులు తమ చెడిన పరికరములు తెచ్చెడివారు. వారి ఇబ్బందులను వినుటయే ఫెండరు చేసిన సంగీతాభ్యాసము. ఆనాటి డబుల్ బాస్ మనిషికంటె ఎత్తైనది, మోయుట కష్టము, పెద్ద మేళములో దాని ధ్వని వినబడదు. 1946లో సొంత సంస్థ నెలకొల్పిన ఫెండరు, 1951లో ప్రెసిషన్ బాస్ అను వాద్యమును వెలువరించెను. మన వీణకువలె దీనికిని మెట్లు కలవు. అందుచేత స్వరస్థానము తప్పదు. ఆ నిర్దుష్టతయే దాని పేరునకు అర్థము.

ఈ వాద్యమునకు ప్రాణము పికప్పు. అయస్కాంతపు కడ్డీల చుట్టును వెండ్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. ఉక్కుతంత్రి కంపించినపుడు అయస్కాంతక్షేత్రము మారి, ఆ చుట్టలో విద్యుత్తు జనించును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. 1957లో ఫెండరు పికప్పును రెండు సగములుగా విభజించి, రెంటికిని అయస్కాంతధ్రువములను, తీగచుట్టు దిశను పరస్పరము వ్యతిరిక్తముగా నమర్చెను. విద్యుద్దీపములవలన కలుగు రొద రెండు సగములలోను పుట్టి ఒకదానినొకటి రద్దుచేయును. ఒక్కొక్క తంత్రినాదము ఒక్క సగముననే పుట్టును గనుక నిలిచియుండును.

ప్రాతబడిన బాస్ గిటారు నీరసముగా పలికినంతమాత్రమున పారవేయరాదు. పికప్పును పట్టియుంచు మరచీలలను త్రిప్పి దానిని పైకిని క్రిందికిని జరుపవచ్చును. తంత్రికి మిక్కిలి దగ్గరయైనచో అయస్కాంతము తంత్రిని లాగి శ్రుతిని చెడగొట్టును. మిక్కిలి దూరమైనచో ధ్వని క్షీణించును. పూర్తిగా మూగవోయినచో ముందుగా టంకపు అతుకులను, ధ్వనిని హెచ్చించు మీటలోని దుమ్మును పరీక్షింపవలెను. తీగయే తెగినదని తేలినచో, పాత అయస్కాంతములపైననే క్రొత్త తీగ చుట్టింపవచ్చును. పోయినదనుకొన్న గొంతు తిరిగివచ్చును.

ఫెండరు జీవితమును ఇట్టిదే. అనారోగ్యమువలన 1965లో సంస్థను 1 కోటి 30 లక్షల డాలర్లకు విక్రయించెను. ఇక ఆయన పని ముగిసినదని తోచినది. కాని ఆరోగ్యము చేకూరగా మరల పనిబల్లకడకు చేరెను. 1976లో వెలువడిన స్టింగ్‌రే బాస్ రూపకల్పనలో పాల్గొనెను. అటుపై జి అండ్ ఎల్ సంస్థను స్థాపించెను. పార్కిన్సన్ వ్యాధి బాధించుచున్నను పని మానలేదు. 1991 మార్చి 21వ తేదీన కన్నుమూసెను.

వాయింపనేరనివాడు వాయించువారి కష్టమును శ్రద్ధతో వినెను. ఆ వినుటవలననే లోకమునకు క్రొత్త నాదము లభించెను. తరగతిలో మూగవలె కూర్చుండు బాలుని చూచినపుడు ఉపాధ్యాయులమగు మనమును ఈ మాట తలంపవలెను. వానిలో తీగ తెగినదని తీర్పుచెప్పుటకు ముందు, మనము వానికి ఎంత దూరమున నిలిచియున్నామో చూచుకొనుట మేలు.