శరీర నిర్మాణశాస్త్ర పితామహుడు వెసేలియస్

వైద్య కళాశాలలో చేరిన విద్యార్థి మొదటి సంవత్సరంలోనే నేర్చుకోవలసిన శాస్త్రం శరీర నిర్మాణశాస్త్రం. మన దేహంలో ఎముకలు ఎన్ని, ఏ కండరం ఏ ఎముకను అంటి ఉంది, ఏ రక్తనాళం ఎక్కడ బయలుదేరి ఎక్కడికి పోతుంది అనే విషయాలను ఈ శాస్త్రం తెలుపుతుంది. పుస్తకంలో చదివిన దానిని విద్యార్థి మృతదేహం ముందు నిలబడి తన కళ్లతో చూసి, తన చేతులతో తాకి సరిచూసుకుంటాడు. ఈనాడు ఇది సర్వసాధారణమైన పద్ధతి. కాని దాదాపు 500 ఏళ్ల క్రితం ఐరోపాలో పరిస్థితి వేరు. ప్రాచీన గ్రంథంలో ఉన్నదే సత్యమని, కంటికి మరొకటి కనిపిస్తే తప్పు కంటిదేనని పండితులు సైతం నమ్మేవారు. ఆ నమ్మకాన్ని కదిలించి, చూసి నేర్చుకొనే మార్గాన్ని వేసిన మహనీయుడు ఆండ్రియాస్ వెసేలియస్.

వెసేలియస్ 1514 డిసెంబర్ 31న బ్రస్సెల్స్ నగరంలో జన్మించాడు. ఇప్పుడు ఆ నగరం బెల్జియం దేశానికి రాజధాని. వారిది తరతరాలుగా వైద్యవృత్తిలో ఉన్న కుటుంబం. తాత రాజవైద్యుడు. తండ్రి చక్రవర్తి ఐదవ చార్లెస్ కొలువులో ఔషధాలు తయారుచేసే ఉద్యోగి. ఇంటినిండా వైద్యగ్రంథాలు ఉండేవి. వాటి మధ్య పెరిగిన బాలునికి ప్రాణుల శరీరం లోపల ఏముందో తెలుసుకోవాలనే కుతూహలం చిన్ననాడే కలిగింది. లూవేన్ విశ్వవిద్యాలయంలో లాటిన్, గ్రీకు భాషలు అభ్యసించి, 1533లో వైద్యవిద్య కోసం పారిస్ చేరుకున్నాడు.

ఆ రోజుల్లో శరీర నిర్మాణశాస్త్రానికి గేలెన్ మాటే వేదవాక్కు. గేలెన్ క్రీ.శ. 129లో పెర్గమమ్ అనే నగరంలో పుట్టిన గొప్ప వైద్యుడు. ఆ ప్రాంతం నేటి టర్కీ దేశంలో ఉంది. గాయపడిన మల్లయోధులకు చికిత్స చేసి, ఎన్నో ప్రయోగాలు చేసి, అనేక గ్రంథాలు రచించాడు. అయితే మనిషి మృతదేహాన్ని కోసి పరీక్షించే అవకాశం ఆయన కాలంలో లేదు. అందువల్ల కోతులు, పందులు, మేకలు మొదలైన జంతువులను పరీక్షించి, మనిషి శరీరం కూడా అలాగే ఉంటుందని ఊహించి రాశాడు. ఆ గ్రంథాలనే ఐరోపా వైద్యులు సుమారు 1300 సంవత్సరాలు తు.చ. తప్పక అనుసరించారు.

అప్పటి పాఠం చెప్పే తీరు కూడా వింతగా ఉండేది. ఆచార్యుడు ఎత్తయిన పీఠంపై కూర్చుని గ్రంథం చదివేవాడు. కింద బల్లమీద మృతదేహం ఉండేది. క్షురకవృత్తి చేసే వ్యక్తి కత్తి పట్టి దానిని కోసేవాడు. ఇంకొకడు కర్రతో అవయవాలను చూపేవాడు. చదివేవాడు చూసేవాడు కాదు. కోసేవాడికి గ్రంథభాష తెలియదు. దూరాన నిలబడిన విద్యార్థులకు సరిగా కనిపించేది కాదు. పైగా మృతదేహాలు చెడిపోకుండా కాపాడే మందులు అప్పట్లో లేవు. అందుచేత చలికాలంలో మాత్రమే, అదీ అరుదుగా, మూడు నాలుగు రోజుల్లో ముగిసేలా ఈ పాఠాలు జరిగేవి.

ఈ పాఠాలతో వెసేలియస్‌కు తృప్తి కలగలేదు. పారిస్‌లో ఆయన గురువులైన సిల్వియస్, గుంటర్ గొప్ప పండితులే. కాని వారు గేలెన్ గ్రంథాలను దాటి చూడలేదు. వెసేలియస్ తోటి విద్యార్థులతో కలిసి పారిస్‌లోని పాత శ్మశానానికి వెళ్లి, అక్కడ గుట్టలుగా పడి ఉన్న ఎముకలను గంటల తరబడి పరీక్షించేవాడు. కొంత కాలానికి ఎంతటి నేర్పు సంపాదించాడంటే, కళ్లకు గంతలు కట్టుకొని, చేతికి ఇచ్చిన ఎముకను తడిమి అది ఏ ఎముకో చెబుతానని మిత్రులతో పందెం కాసేవాడు.

1536లో ఫ్రాన్సుకు, చక్రవర్తికి యుద్ధం రావడంతో చదువు పూర్తికాకుండానే వెసేలియస్ లూవేన్‌కు తిరిగివచ్చాడు. ఒకనాడు గెమ్మా ఫ్రిసియస్ అనే మిత్రునితో కలిసి ఊరి వెలుపల నడుస్తూ, నేరస్థులను శిక్షించే చోటికి చేరాడు. అక్కడ కొయ్యకు కట్టివేసిన ఒక అస్థిపంజరం కనిపించింది. పక్షులు మాంసాన్ని తినివేయగా ఎముకలు మాత్రం విడిపోకుండా నిలిచి ఉన్నాయి. వెసేలియస్ కొయ్య ఎక్కి కాళ్ల, చేతుల ఎముకలను తీసుకొని రహస్యంగా ఇంటికి చేర్చాడు. మొండెం గొలుసుతో కట్టి ఉండటం వల్ల అప్పుడు రాలేదు. ఆ సాయంత్రం కోటతలుపులు మూసేవేళ ఊరి బయటే ఉండిపోయి, రాత్రి చీకటిలో ఒంటరిగా వెళ్లి దానినీ తెచ్చాడు. దొరకని కొన్ని ఎముకలను వేరేచోట సంపాదించి, అన్నింటినీ ఉడికించి శుభ్రంచేసి, పూర్తి అస్థిపంజరాన్ని కూర్చాడు. అడిగినవారికి పారిస్ నుంచి తెచ్చానని చెప్పాడు. ఆ పని దొరికిపోతే శిక్ష తప్పదని అతనికి తెలుసు. అతని జ్ఞానతృష్ణ అంత బలమైనది. అయినా ఆ ఎముకల మనిషి అనుమతిని ఎవరూ అడగలేదనే మాట కూడా మరువరానిది.

తరువాత వెసేలియస్ ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయం చేరాడు. 1537 డిసెంబర్ 5న వైద్యపట్టం పొందాడు. ప్రతిభను గుర్తించిన అధికారులు మరునాడే శస్త్రవైద్యం, శరీర నిర్మాణశాస్త్రం బోధించే పదవిని ఇచ్చారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు నిండటానికి ఇంకా కొన్ని రోజులు ఉన్నాయి.

పాడువాలో ఆయన మొదట చేసిన మార్పు, పీఠం దిగి రావడం. కత్తిని తానే చేతబట్టాడు. తానే కోస్తూ, తానే చూపుతూ, తానే వివరించాడు. విద్యార్థులను దగ్గరకు పిలిచి అవయవాలను తాకి చూడమన్నాడు. పక్కన అస్థిపంజరాన్ని నిలబెట్టి, లోపలి భాగాలు ఏ ఎముకకు ఎదురుగా ఉన్నాయో చూపాడు. దూరాన ఉన్నవారికి అర్థమయ్యేలా పెద్ద పటాలు గీశాడు. ఆ పటాలకు విద్యార్థులలో ఎంతో ఆదరణ లభించింది. దానితో 1538లో ఆరు పటాలను అచ్చు వేయించాడు. వాటిలో మూడు ఆయన స్వయంగా గీసినవి. అస్థిపంజరం పటాలు మూడింటిని యాన్ వాన్ కాల్కార్ అనే చిత్రకారుడు గీశాడు.

ఆ పటాలలో ఒక విశేషం ఉంది. కాలేయాన్ని గేలెన్ చెప్పినట్లే ఐదు భాగాలుగా వెసేలియస్ చిత్రించాడు. మెదడు అడుగున రక్తనాళాల వల ఒకటి ఉంటుందన్న గేలెన్ మాటను నమ్మి దానిని కూడా గీశాడు. నిజానికి అటువంటి వల గొర్రెలు, ఎద్దుల వంటి జంతువులలోనే ఉంటుంది. మనిషి తలలో అది కనిపించకపోవడంతో, పాఠం చెప్పేటప్పుడు గొర్రె తలనో ఎద్దు తలనో తెచ్చి దానిలో చూపేవాడు. అంటే ఆయన కూడా మొదట గ్రంథాన్నే నమ్మి, కంటిని అనుమానించాడు. గొప్పవారి మాటను కాదనడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

1539లో పాడువా న్యాయాధికారి ఒకరు మరణశిక్ష పొందినవారి మృతదేహాలను ఆయనకు ఇప్పించసాగాడు. ఎక్కువ దేహాలను పరీక్షించిన కొద్దీ సందేహాలు బలపడ్డాయి. గేలెన్ కింది దవడలో రెండు ఎముకలు ఉంటాయన్నాడు. పెద్దవారిలో వెసేలియస్‌కు ఎక్కడా ఒక్కటే కనిపించింది. రొమ్ము ఎముకకు ఏడు భాగాలన్నాడు. మనిషిలో కనిపించినవి మూడే. పురుషునికి స్త్రీకంటే ఒక పక్కటెముక తక్కువ అని జనం నమ్మేవారు. లెక్కిస్తే ఇద్దరిలోనూ సమానంగానే ఉన్నాయి. ఇన్ని తేడాలు ఎందుకు వచ్చాయి? 1540లో బోలోన్యా నగరంలో విద్యార్థుల ముందు ఆయన ఒక మనిషి అస్థిపంజరాన్ని, ఒక కోతి అస్థిపంజరాన్ని పక్కపక్కన నిలిపి చూపాడు. గేలెన్ వర్ణన మనిషి వెన్నెముకకు సరిపోలేదు. కోతి వెన్నెముకకు సరిపోయింది. గేలెన్ అబద్ధం రాయలేదు. తాను చూసిన జంతువును సరిగానే వర్ణించాడు. దానిని మనిషిగా భావించడమే పొరపాటు. బోలోన్యాలోనే మరొక పాఠంలో, గుండె కదలికకు నాడి కదలికకు గల సంబంధం ఏమిటని విద్యార్థులు అడిగారు. వెసేలియస్ తన అభిప్రాయం చెప్పలేదు. చేతులు పెట్టి స్వయంగా తెలుసుకోవలసిందిగా వారిని ప్రోత్సహించాడు.

తాను కనుగొన్న విషయాలన్నింటినీ ఒక మహాగ్రంథంగా రాయాలని వెసేలియస్ సంకల్పించాడు. పగలు బోధన, రాత్రి రచన. బొమ్మల కోసం నేర్పరులైన చిత్రకారులను నియమించాడు. వారు చిత్రాలు గీయగా వాటిని కొయ్యదిమ్మెలపై చెక్కించాడు. ఆ దిమ్మెలను జాగ్రత్తగా మూటకట్టి, ఆల్ప్స్ పర్వతాలు దాటించి, స్విట్జర్లాండులోని బాసెల్ నగరానికి పంపాడు. అక్కడ ఒపోరినస్ అనే ముద్రాపకుడు 1543లో ఆ గ్రంథాన్ని అచ్చువేశాడు. ‘మానవ శరీర నిర్మాణం’ అనే అర్థం వచ్చే లాటిన్ పేరుతో వెలువడిన ఆ గ్రంథాన్ని సంక్షిప్తంగా ‘ఫాబ్రికా’ అంటారు. 600కు పైగా పెద్ద పుటలు, 200కు పైగా చిత్రాలు గల ఈ గ్రంథం రచించేనాటికి ఆయన వయస్సు 28 సంవత్సరాలే.

ఫాబ్రికాలో ఏడు భాగాలు ఉన్నాయి. మొదటిది ఎముకలు, రెండవది కండరాలు, మూడవది రక్తనాళాలు, నాలుగవది నరాలు, ఐదవది ఉదరంలోని అవయవాలు, ఆరవది గుండె, ఊపిరితిత్తులు, ఏడవది మెదడు. ఇంటికి స్తంభాలు, దూలాలు ఎటువంటివో దేహానికి ఎముకలు అటువంటివి. అందుకే ఎముకలతో ప్రారంభించాడు. కండరాల చిత్రాలలో ఒక్కొక్క పొర తొలగిస్తూ లోపలికి వెళ్లే క్రమం చూపాడు. గ్రంథం ముఖచిత్రంలో పీఠంపై చదివే ఆచార్యుడు కనిపించడు. వెసేలియస్ స్వయంగా దేహంపై చేయి ఉంచి, చుట్టూ కిక్కిరిసిన జనానికి పాఠం చెబుతూ కనిపిస్తాడు.

పెద్ద గ్రంథం కొనలేని, చదవలేని విద్యార్థులను ఆయన మరచిపోలేదు. అదే సంవత్సరంలో వారి కోసం ఒక చిన్న సంగ్రహాన్ని కూడా ప్రకటించాడు. అందులోని కొన్ని బొమ్మలను కత్తిరించి, ఒకదానిపై ఒకటి అతికిస్తే శరీరంలోని అవయవాలు వాటి వాటి స్థానాల్లో అమరుతాయి. మృతదేహం దొరకని విద్యార్థి కాగితంపైనే దేహాన్ని కూర్చి నేర్చుకొనే ఉపాయం అది.

ఫాబ్రికాకు ప్రశంసలతో పాటు తీవ్రమైన విమర్శలూ వచ్చాయి. అందరికంటె ఎక్కువగా కోపించినవాడు ఆయన గురువు సిల్వియస్. గేలెన్ తప్పు రాయడం అసంభవమని, గేలెన్ కాలం తరువాత మనుషుల శరీరాలే మారిపోయాయని ఆయన వాదించాడు. 1551లో శిష్యుని పిచ్చివానిగా నిందిస్తూ ఒక పుస్తకమే రాశాడు. ఈలోగా వెసేలియస్ బోధన విడిచి చక్రవర్తి కొలువులో వైద్యుడుగా చేరాడు. పాడువా వదిలే సమయంలో మనసు విరిగి, తన రాతప్రతులు కొన్నింటిని తగులబెట్టాడు. ఆ తొందరపాటుకు తరువాత చింతించాడు.

అయినా శాస్త్రాన్ని ఆయన విడువలేదు. గుండె కుడి, ఎడమ భాగాల మధ్య ఉన్న గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయని, వాటిగుండా రక్తం అటునుంచి ఇటు వస్తుందని గేలెన్ చెప్పాడు. ఎంత వెదికినా వెసేలియస్‌కు ఆ రంధ్రాలు కనిపించలేదు. 1543లో తన సందేహాన్ని మెల్లగా సూచించాడు. 1555లో ఫాబ్రికాను సవరించి రెండవసారి ప్రచురించినప్పుడు ఆ సందేహాన్ని మరింత స్పష్టంగా వెల్లడించాడు. పాడువాలో చదివిన విలియం హార్వే అనే ఆంగ్ల వైద్యుడు 1628లో శరీరంలో రక్తప్రసరణ జరిగే తీరును నిరూపించాడు. ఆ నిరూపణకు వెసేలియస్ సందేహం దారి చూపింది.

వెసేలియస్ గ్రంథంలోనూ కొన్ని పొరపాట్లు ఉన్నాయి. పాడువాలో తరువాత ఆచార్యుడైన ఫాలోపియో, వెసేలియస్‌ను గురువుగా గౌరవిస్తూనే 1561లో ఆ పొరపాట్లను చూపాడు. అప్పుడు స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ కొలువులో ఉన్న వెసేలియస్ దానిని శ్రద్ధగా చదివి, కొన్నింటిని అంగీకరిస్తూ, కొన్నింటిని ఖండిస్తూ సమాధానం రాశాడు. తాను గేలెన్‌ను పరీక్షించినట్లే తరువాతివారు తనను పరీక్షించారు. శాస్త్రం పెరిగే క్రమం ఇదే.

1564లో వెసేలియస్ జెరూసలేం యాత్రకు వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో జబ్బుపడి, గ్రీకుదీవి అయిన జాకింథోస్‌లో ఆ ఏడాది అక్టోబరులో కన్నుమూశాడు. అప్పటికి 50 ఏళ్లు నిండలేదు.

చూసి నేర్చుకోవాలనే భావన మన దేశానికి కొత్త కాదు. మృతదేహాన్ని గడ్డితో కప్పి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, తరువాత కుంచె వంటి సాధనంతో పొరలు పొరలుగా తొలగిస్తూ పరీక్షించాలని ప్రాచీన సుశ్రుతసంహిత చెప్పింది. కాలక్రమంలో ఆ అభ్యాసం మరుగున పడింది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా సంఘానికి వెరవక మృతదేహాన్ని పరీక్షించి, ఆధునిక వైద్యవిద్యకు బాట వేశాడు.

వెసేలియస్ కాలంలో శిక్షపడినవారి దేహాలు, శ్మశానాల ఎముకలు వైద్యవిద్యకు ఆధారం. ఈనాడు ఎందరో తమ మరణానంతరం దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని బతికి ఉండగానే ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నారు. చాలా కళాశాలల్లో విద్యార్థులు మొదటి రోజున ఆ దేహం ముందు తలవంచి, దానిని గౌరవంతో చూస్తామని ప్రమాణం చేస్తున్నారు. పుస్తకాన్ని గౌరవించాలి, గురువును గౌరవించాలి, వారు చెప్పినదానిని కంటితో సరిచూడాలి. పాఠం నేర్పడానికి తన దేహాన్నే ఇచ్చిన ఆ పేరు తెలియని మనిషికి కృతజ్ఞత చూపాలి. వెసేలియస్ జీవితం నుంచి, ఆయన తరువాత సాగిన కాలం నుంచి మనం నేర్చుకోవలసినది ఇదే.