త్యాగరాజ సమాధి మందిర నిర్మాత్రి శ్రీమతి బెంగుళూరు నాగరత్నమ్మగారు

ధనము నార్జించుట యొక విద్య. ఆర్జించిన దానిని తనకుగాక పదుగురకు శాశ్వతముగ నుపకరించునట్లు నిలుపుట యంతకంటెను గొప్ప విద్య. సంగీత సాహిత్యములే జీవనాధారముగ బ్రతికిన కళావంతుల వంశములలో మొదటి విద్య నెఱిగినవారు పెక్కుమంది గలరు. రెండవ దానియందు గూడ సిద్ధిబొందిన మహనీయురాలు శ్రీమతి బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఈ మహాసభా సంచికలో నామె చరిత్రమును సంగ్రహముగ వ్రాయుట మా భాగ్యముగ నెంచుచున్నాము.

నాగరత్నమ్మగారు 1878 వ సంవత్సరము నవంబరు 3 వ తేదీన మైసూరు సీమలోని నంజనగూడునందు జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మమ్మగారు దేవదాసి. ఆమె పేదరాలయ్యును కుమార్తె చదువు విషయమున నేమాత్రమును వెనుదీయలేదు. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్యగారనెడి పండితునికడ బాలికకు సంస్కృతమును సంగీతమును జెప్పించెను. పిదప మైసూరు విడువవలసివచ్చి, తల్లీకూతుండ్రు బెంగుళూరు చేరిరి. అచ్చట మునిస్వామప్పగారి యొద్ద త్యాగరాజస్వామి శిష్యపరంపరకు జెందిన గానపద్ధతి యామెకు లభించెను. కన్నడ, ఆంధ్ర, సంస్కృత, ద్రావిడ భాషలయందు నామెకు బరిచయము గలిగెను. తల్లి చిన్ననాటనే గతించినను, ఆమె పెట్టిన విద్యాభిక్ష కుమార్తెను జీవితాంతము గాపాడెను.

తరువాత నామె మదరాసు చేరి, పాటకచేరీలవలన విశేషమైన కీర్తిని, ఆదాయపు పన్ను చెల్లించునంతటి ధనమును సంపాదించిరి. అంతటితో దృప్తిజెందియున్నచో నామె పేరు నేడు కొలదిమందికే తెలిసియుండెడిది. ఆమె స్వభావమట్టిది గాదు. తనకు నన్యాయమని తోచినదానిని సహింపజాలని పట్టుదల యామెకు సహజగుణము.

ఈ పట్టుదల మొదట సాహిత్యవిషయమున వెల్లడియయ్యెను. తంజావూరేలిన ప్రతాపసింహ మహారాజు కాలమున ముద్దుపళని యను కవయిత్రి రాధికాసాంత్వనమను శృంగారప్రబంధమును రచించెను. పూర్వము ముద్రితమైన ప్రతిలో ముద్దుపళని తన వంశమును గూర్చి చెప్పుకొన్న పద్యములు మొదలగునవి విడువబడినట్లు నాగరత్నమ్మగారు గ్రహించిరి. వ్రాతప్రతిని సంపాదించి పరిష్కరించి, 1910 లో వావిళ్లవారి ద్వారా గ్రంథమును సమగ్రముగ బ్రకటింపజేసిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ముద్దుపళని రచనను నీతిబాహ్యమని యదివఱకే నిందించియుండిరి. పురుషులు వ్రాసిన శృంగారకావ్యములను పాఠ్యగ్రంథములుగ నంగీకరించి, స్త్రీ వ్రాసినదానిని మాత్రము దూషించుట యెట్టి ధర్మమని నాగరత్నమ్మగారు తమ పీఠికలో బ్రశ్నించిరి. మఱుసటి సంవత్సరమే ప్రభుత్వమువారు ఆ గ్రంథమును నిషేధించిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా నున్నకాలమున గాని యా నిషేధము తొలగలేదు. తన వంశపు కవయిత్రి పేరును మరల లోకమున నిలుపుటకై నాగరత్నమ్మగారు పడిన నింద యంతింతగాదు. ఆ నిందకు వెఱవకుండుటయే యామె మనకు జూపిన మొదటి దారి.

ఇక నామె జీవితమునకు గిరీటమువంటి కార్యమును జెప్పుదుము. త్యాగరాజస్వామి 1847 లో, సన్న్యాసము స్వీకరించిన పిదప, తిరువయ్యారున సిద్ధినొందిరి. కావేరీతీరమున నున్న వారి సమాధి కాలక్రమమున శిథిలమై ముండ్లపొదలచే నావరింపబడెను. ఈ దుస్థితిని విద్వాంసులైన బిడారం కృష్ణప్పగారివలన దెలిసికొని నాగరత్నమ్మగారు మిక్కిలి కలతజెందిరి. ఏ కీర్తనలు పాడి తాను ధనమార్జించెనో, ఆ కీర్తనకర్త సమాధికి దిక్కులేకుండుట ఋణగ్రస్తురాలికి దుర్భరమైనట్లు తోచెను. ఎవరిని జందాలడుగక, తన సంపాదనను నగలను వెచ్చించి, 1921 లో పునాది వేయించి, 1925 జనవరిలో మందిరమును బ్రతిష్ఠింపజేసిరి. సమాధియెదుట స్వామి విగ్రహమును నిలిపి, నిత్యపూజ కేర్పాటు గావించిరి.

అయినను మందిరమును గట్టించిన చేతులకు నందు పాడుటకు మాత్ర మనుమతి లేకపోయెను. అప్పటికే పుష్య బహుళ పంచమినాడు జరుగు ఆరాధన రెండు కక్షలుగ జీలియుండెను. ఒకటి పెద్దకక్ష, మఱియొకటి చిన్నకక్ష. ఎన్ని విషయములందు భేదించినను స్త్రీలను సంగీతసేవకు రానీయరాదనుటలో నిరుకక్షలవారును నేకీభవించిరి. నాగరత్నమ్మగారు వారితో గలహించి మందిరద్వారములు మూయింపలేదు. 1927 లో స్త్రీలను గూర్చుకొని సమాధి వెనుకతట్టున వేఱుగ నారాధన ప్రారంభించిరి. కచేరీలలో వేర్వేరుగ ధనమార్జించెడి స్త్రీలు ఒక్క కాసైన నాశింపక, ఒక్కచోట గూడి, శ్రోతలు పదుగురైనను వందలైనను గురుసేవగ బాడిరి. కళను జీవనోపాధిగ నెంచినవారు దానిని ధర్మముగ జేసికొన్న దృశ్యమిది.

విద్వాంసులు, అధికారులు కొందఱు పూనుకొనుటచే గక్షలు కలిసికొనగా, 1941 నుండి యందఱును నొక్కచోట నారాధన సలుపుట ప్రారంభమయ్యెను. స్త్రీలకును నందు స్థానము గలిగెను. ఘనరాగ పంచరత్నములను గోష్ఠిగ బాడు సంప్రదాయమును నా దశాబ్దముననే స్థిరపడెను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములందలి యా యైదింటిలో మొదటిది సంస్కృతము, తక్కినవి తెలుగు. వీనియందు స్వరమును సాహిత్యమును నియతములై యుండుటచే, తన మనోధర్మమును బ్రదర్శించి యితరులను మించవలెననెడి యవకాశము గాయకునకుండదు. గాత్రము, వీణ, ఫిడేలు, వేణువు, మృదంగము నొక్కటై సాగవలసినదే. అట్టి గోష్ఠిలో మహావిద్వాంసుడును నూతన విద్యార్థియు నొకే పంక్తిని గూర్చుందురు. ప్రతిఫలము గోరక పాడుట నేటికిని నచ్చటి నియమము. ద్రావిడదేశపు నడుమ వేలకొలది కంఠములు మన తెలుగును బలుకు నా దినమున, పంక్తిలో స్త్రీలుగూడ గూర్చుండుట కెవరు కారకులో మనము మఱువరాదు.

మఱియొక విషయమును దాచుట చరిత్రకారులకు దగదు. 1927 లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీ వ్యవస్థను నిర్మూలింప బూనుకొనినపుడు, నాగరత్నమ్మగారు మదరాసు దేవదాసీల సంఘమున కధ్యక్షురాలై దాని నెదిర్చిరి. ముత్తులక్ష్మీరెడ్డిగారును దేవదాసీ వంశపు తల్లికి జన్మించినవారే. ఒకే వంశపు బిడ్డలు ఎదురెదురు పక్షముల నిలిచిరి. కడకు 1947 లో శాసనము వచ్చెను. బాలికల నర్పించు దురాచారము పోవుట మేలేయని మా నిశ్చితాభిప్రాయము. అందు ముత్తులక్ష్మీరెడ్డిగారికి మనము ఋణపడియున్నాము. ఐనను, దురాచారముతోపాటు ఆ స్త్రీల విద్యయు, వారి స్వాధీనమున నున్న యాస్తియు, వారి గౌరవమును గూడ గొట్టుకొనిపోవునేమో యని నాగరత్నమ్మగారు పడిన భయము నిష్కారణమని చెప్పజాలము. తరువాతి తరములవారు సంగీతమును మానిరి. తాతమ్మల పేర్లను సైతము పిల్లలకు జెప్పుటకు సంకోచించిరి.

నాగరత్నమ్మగారు తుదిదినములను తిరువయ్యారుననే గడపిరి. 1949 లో మరణశాసనము వ్రాసి, తమ యాస్తిని త్యాగరాజ సమాధి కైంకర్యమునకు ధర్మనిధిగ నేర్పాటు చేసిరి. స్త్రీలకు, దేవదాసీలకును అచ్చట పురుషులతో సమానముగ సేవజేయు హక్కుండవలెనని యందు విధించిరి. 1952 మే 19 వ తేదీన స్వర్గస్థులైరి. స్వామి సమాధి కెదురుగ నామె సమాధియు, చేతులు మోడ్చిన ప్రతిమయు నేటికిని దర్శనీయములై యున్నవి.

సోదరసోదరీమణులారా! కులసంఘములు విందులకును విరాళముల పట్టికలకును మాత్రమే యేర్పడినవి గావు. పూర్వులు సంపాదించిన విద్యను బిడ్డల కందించుట వానికి బ్రథమకర్తవ్యము. ప్రతి గ్రామమున నాలుగిండ్లవారు చేరి, వారమున కొక సాయంకాలము వెలకట్టక పాడుకొను సంగీతగోష్ఠి నేర్పఱుపుడు. అందు బాలికలను ముందువరుసను గూర్చుండబెట్టుడు. నాగరత్నమ్మగారు ఎవరి కూతురో, ఏ వంశమువారో వారికి దాచక చెప్పుడు. సిగ్గుపడవలసినది మనమును నింద్యులుగ జేసిన కాలముగాని, ఆ కాలమున గూడ గావేరీతీరమున దీపము వెలిగించిన తల్లి గాదు. ధనికులైన పోషకులు గోష్ఠులకు వాద్యముల నొసగి యామె ఋణమును గొంతైన దీర్తురుగాక యని కోరుచు విరమించుచున్నాము.