రాయితీ కోసం శ్రమించిన రావుల్ ప్రెబిష్

అర్థశాస్త్ర విద్యార్థులకు రావుల్ ప్రెబిష్ అనేది ఒక సిద్ధాంతానికి తగిలించిన పేరుగానే పరిచయం. ముడిసరుకులు అమ్మి యంత్రాలు కొనుక్కొనే దేశాలకు కాలక్రమాన బేరంలో నష్టమే మిగులుతుందన్న ఆ సిద్ధాంతాన్ని పరీక్షల కోసం వల్లించి మరచిపోవడం మనకు అలవాటు. సిద్ధాంతం వెనుక నిలిచిన మనిషిని, ఐరోపా రాజ్యాల నుండి పేద దేశాలకు ఒక సుంకపు రాయితీని రాబట్టడానికి ఆయన పడిన శ్రమను ఇక్కడ స్మరించదలచినాము.

ఆయన 1901 ఏప్రిల్ 17న అర్జెంటీనాలోని టుకుమాన్‌లో జన్మించారు. తండ్రి జర్మనీ నుండి వలస వచ్చినవారు. బ్యూనస్ ఎయిరెస్ విశ్వవిద్యాలయంలో చదివి, చిన్న వయసులోనే అక్కడ ఆచార్యులైనారు. 1932లో ఒట్టావాలో సమావేశమైన బ్రిటన్, దాని సామ్రాజ్య దేశాలు పరస్పరం సుంకాలలో మొగ్గు చూపుకోవాలని నిర్ణయించుకొన్నాయి. గొడ్డుమాంసాన్ని బ్రిటన్‌కు అమ్ముకొనే అర్జెంటీనాకు అది పిడుగుపాటు అయింది. మరుసటి సంవత్సరం లండన్‌లో జరిగిన బేరసారాలలో యువకుడైన ప్రెబిష్ తన దేశపు ప్రతినిధివర్గానికి సలహాదారు. 1933 మే 1న ఒప్పందం కుదిరింది. మాంసపు విపణి దక్కింది కాని, దానికి బదులుగా బ్రిటిష్ సరుకులకూ సంస్థలకూ అర్జెంటీనా ఎన్నో మినహాయింపులు ఇచ్చుకోవలసి వచ్చింది. స్వదేశంలో చాలామంది దానిని అవమానంగా తలచారు. ఇచ్చినదానికి బదులు అడగని రాయితీ కావాలని ఆయన తరువాత పట్టుబట్టడానికి బీజం ఇక్కడనే పడిందని మా ఊహ.

1935 నుండి అర్జెంటీనా కేంద్ర బ్యాంకును నడిపారు. 1943లో సైనిక ప్రభుత్వం తొలగించింది. పిమ్మట చిలీ రాజధాని శాంటియాగోలో ఐక్యరాజ్య సమితి లాటిన్ అమెరికా ఆర్థిక సంఘంలో చేరి, 1949లో ప్రకటించిన నివేదికతో లోకప్రసిద్ధులైనారు.

1964లో జెనీవాలో వాణిజ్య, అభివృద్ధి మహాసభ జరిగింది. దానికి ఆయనే ప్రధాన కార్యదర్శి. అక్కడనే 77 దేశాల కూటమి ఏర్పడింది. అంతర్జాతీయ వాణిజ్య నియమం ప్రకారం ఒక దేశానికి తగ్గించిన సుంకం అందరికీ తగ్గించాలి. బలవంతుడూ బలహీనుడూ ఒకే గీత నుండి పరుగెత్తే ఈ సమానత్వం సమానత్వం కాదని ప్రెబిష్ వాదం. పేద దేశాల పారిశ్రామిక వస్తువులకు మాత్రం తక్కువ సుంకం ఉండాలని, బదులు ఏదీ కోరరాదని ఆయన అడిగారు.

అమెరికా మొదట ససేమిరా అన్నది. ఐరోపా వారిలో వారికే పొత్తు కుదరలేదు. ఫ్రాన్సు, బెల్జియం దేశాన్నీ సరుకునూ ఎంచి రాయితీ ఇద్దామన్నాయి. పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్స్ ఇస్తే అందరికీ ఇవ్వాలన్నాయి. 1963లో యావుండే ఒప్పందంతో ఐరోపా విపణిలో ప్రత్యేక స్థానం పొందిన 18 ఆఫ్రికా దేశాలకు తమ వాటా పలుచబడుతుందని భయం. పేదల మధ్యనే తగవు! ఇటువంటి చోట ప్రెబిష్ ఏ ఒక్కరి పక్షమూ వహించక, ఓర్పుతో అందరినీ ఒక దారికి తేవడానికి ప్రయత్నించారు. 1967లో అమెరికా మెత్తబడింది.

1968 ఫిబ్రవరి, మార్చి మాసాలలో రెండవ మహాసభ మన ఢిల్లీలోనే జరిగింది. అందరికీ వర్తించే, వివక్ష లేని, ప్రతిఫలం కోరని రాయితీ పద్ధతి ఉండాలని తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అయితే ఏ సరుకుకు ఎంత తగ్గింపు, ఎన్నటినుండి అన్నది అందులో లేదు. ప్రెబిష్ నిరాశ చెందారు. మరుసటి సంవత్సరమే పదవి విడిచారు.

ఫలం మాత్రం ఆయన వెళ్ళిన తరువాత దక్కింది. 1971 జులై 1న ఆరు దేశాల ఐరోపా ఆర్థిక సమాజం అందరికంటే ముందుగా ఈ పద్ధతిని అమలుపరచింది. పారిశ్రామిక వస్తువులకు సుంకం లేదు గాని, సరుకు సరుకుకూ పరిమితి విధించారు. నూలు వస్త్రాలు, జనపనార వంటి, మన వంటి దేశాలు బాగా చేయగల వాటికి షరతులు మరింత బిగించారు. 1973లో బ్రిటన్ ఆ సమాజంలో చేరగా కామన్వెల్త్ రాయితీని కోల్పోనున్న మన గుంటూరు వర్జీనియా పొగాకుకు తరువాత ఈ పద్ధతి క్రిందనే పరిమిత కోటా లభించింది.

రాయితీ అన్న మాట తెలుగులోనికి ఉర్దూ రియాయత్ నుండి వచ్చినదే. హక్కు కూడా అటునుండి వచ్చినదే. ప్రెబిష్ కోరినది హక్కుకు దగ్గరగా ఉన్నది, లభించినది రియాయత్. ఇచ్చినవారు తీసుకోగలరు. 2019 జూన్‌లో అమెరికా మన దేశానికి ఇచ్చిన ఇట్టి రాయితీని ఉపసంహరించుకొన్నది. ఆ లోపం ఆయన ఎరుగనిది కాదు. పూర్తి రొట్టెకై కూర్చొని ఉపవాసం చేయడంకన్న సగం అందుకొనడం మేలని ఆయన ఎంచినట్లున్నారు. ఆ ఎంపికను మేము తప్పుపట్టజాలము.

మన దేశం 1974వ సంవత్సరపు జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారాన్ని ఆయనకు ప్రకటించింది. 1983లో అర్జెంటీనాలో ప్రజాస్వామ్యం తిరిగి రాగా, నలభై ఏండ్ల క్రితం తనను వెళ్ళగొట్టిన దేశానికే సలహాదారుగా వెళ్ళారు. 1986 ఏప్రిల్ 29న శాంటియాగోలో కన్నుమూశారు.