ఒకే బల్లయొద్దకు పిలిచిన కాపరి
(బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి జీవితము)

ధ్యానమునకు వాక్యభాగములు: గలతీ 2:11–14, 1 కొరింథీ 11:17–34



అంతియొకయ సంఘములో ఒకనాడు భోజనమునుగూర్చి కలహము పుట్టెను. పేతురు అంతవరకు అన్యజనులైన విశ్వాసులతో కలిసి కూర్చుండి భుజించుచుండెను. యెరూషలేమునుండి కొందరు వచ్చినంతనే వారికి భయపడి వెనుదీసెను. పౌలు దానిని చిన్న విషయముగా ఎంచలేదు. అది సువార్త సత్యమునకే విరోధమని అందరియెదుట పేతురును గద్దించెను. ఒక పంక్తిలో కూర్చుండుటకు సువార్తకు ఇంత సంబంధమున్నదని మనలో ఎందరము తలంచుచున్నాము?

ఆ సంబంధమును ఎరిగి, మన తెలుగు సంఘములకు దానిని ముప్పది ఏండ్లకు పైగా బోధించిన ఒక కాపరి జీవితమును ఈ మాసము ధ్యానింతము. ఆయన తెలుగువారు కారు, తమిళులు. అయినను నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతముల మన పెద్దలు ఆయనను తమ బిషప్పుగారని పిలిచిరి.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాళన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి తోమా వేదనాయగము గారు ఆ పల్లె సంఘమునకు గురువు. వారు నాడారు కులమువారు. ఆ కాలమున ఆ కులమువారిలో అనేకులు తాటిచెట్లు ఎక్కి జీవించువారు. వారికి దేవాలయ ప్రవేశము లేదు. పై కులములవారి యెదుట వారి స్త్రీలు రొమ్ముపై వస్త్రము వేసికొనుటకుకూడ పోరాడవలసివచ్చిన రోజులు అప్పటికి ఎంతో దూరము పోలేదు. గనుక తక్కువగా చూడబడుట ఎట్టిదో ఆయన పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు.

బాల్యముననే తండ్రి ప్రభువునందు నిద్రించిరి. తల్లి ఎల్లెనమ్మ గారు ప్రార్థనతోను క్రమశిక్షణతోను కుమారుని పెంచిరి. బడిలో చదువుచున్నప్పుడే, క్రైస్తవ బాలురు కులము చొప్పున వేరువేరుగా మెలగుట చూచి సహింపలేక, స్నేహితులతో కలిసి ఆ భేదమును పోగొట్టుటకు ఒక సంఘమును స్థాపించిరి. పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. 1895వ సంవత్సరమున వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణ దేశమంతట యువకులమధ్య పనిచేసిరి. 1898లో అన్బు మరియమ్మ గారిని వివాహమాడిరి. ఆమె దక్షిణ ఇండియాలో కళాశాల చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. ఆ వివాహములో కట్నము లేదు, ఆడంబరము లేదు. పెండ్లికి అప్పుచేసి పదేండ్లు వడ్డీ కట్టుకొను మన కుటుంబములు ఈ ఒక్క సంగతిని జ్ఞాపకముంచుకొనినను మేలు.

1902లో ఆయన యాళ్పాణమునకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్త సేవ జరిగించుట చూచి సిగ్గుపడిరి. తిరునెల్వేలి సంఘము అంతకంటె పెద్దది, పాతది; అయినను ఇతరులకు పంపినవారు లేరు. మరుసటి సంవత్సరమే, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టెను. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపింపబడినప్పుడు దానిలోను ఆయన ముఖ్యులు. పొరుగు దేశపు ధనముతో కాక మన దేశపు మనుష్యులతోను మన దేశపు కానుకలతోను పని జరుగవలెనని ఆయన కోరిక.

ఇతరులను పొమ్మని చెప్పి తాము నిలిచిపోవుట ఆయనకు యిష్టములేకపోయెను. 1909లో, ముప్పది ఐదవ యేట, గురుపట్టము పొంది, తిరునెల్వేలి సంఘము పంపిన మిషనరీగా నైజాము రాజ్యములోని దోర్నకల్లు చేరిరి. నేటికి అది తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలోనిది. బోధకుడైయుండియు ఒక విద్యార్థివలె తెలుగు నేర్చుకొని, తెలుగులోనే ప్రసంగించుటకు పూనుకొనిరి.

మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లాండులోని ఎడింబరో పట్టణమున లోకములోని మిషనుల మహాసభ కూడెను. అక్కడ అజరయ్య గారు లేచి ఒక కఠినమైన సంగతి చెప్పిరి. తెల్లదొరలు మన ప్రజలకొరకు ఎంతో త్యాగము చేసిరి, దానికి ఈ దేశపు సంఘము కృతజ్ఞతతో నిండియున్నది. అయితే మనకు కావలసినది దానికి మించిన స్నేహము, అని ఆయన మాటల భావము. ఆ కాలమున దొర బంగళాలో ఇండియా దేశపు గురువును కూర్చుండబెట్టి కలిసి భోజనము చేయుట అరుదు. సభలో కొందరు నొచ్చుకొనిరి. మనము గమనింపవలసినది ఏమనగా, అంతియొకయలో పౌలు లేవదీసిన ప్రశ్నయే ఎడింబరోలోను లేచెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెంట్ పాల్స్ కతీడ్రలులో ఆయన బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవికి వచ్చిన మొదటి ఇండియా దేశీయుడు ఆయనే. ఇండియా బిషప్పు క్రింద తెల్లవారు పనిచేయుదురా అని అనుమానించినవారు ఉండిరి. మనవారిలోనే ఒప్పుకొననివారును ఉండిరి. అందుచేత మొదట ఆయనకు దోర్నకల్లు చుట్టుపట్ల చిన్న అధ్యక్షఖండమునే అప్పగించిరి. దాదాపు పదేండ్లకు, 1920 తరువాతి ఏండ్లలో, అది విస్తరింపబడెను. కృష్ణా ప్రాంతపు సంఘములతోపాటు కర్నూలు, కడప జిల్లాలలోని ఎస్.పి.జి. మిషను సంఘములును ఆయన కాపుదలక్రిందికి వచ్చెను. చిన్నదానిలో నమ్మకముగా ఉన్నవానికి గొప్పది అప్పగింపబడుట మనము ఇచ్చట చూచుచున్నాము.

అప్పటి మన పల్లెలు ఎట్టివో పెద్దలు చెప్పగా విన్నాము. 1876–78 నాటి ధాత కరువులో మన రెండు జిల్లాలలో వేలకొలది జనులు ఆకలితోను కలరాతోను చచ్చిరి. ఆ కరువు తరువాత అనేకులు మిషనుల నీడకు చేరిరి. వారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవారు. రెడ్డిగారి పొలములో జీతముండి, వెట్టిచేసి, అప్పునకు బిడ్డలను పశువుల కాపుకు పంపినవారు. ఊరి బావిలో చేద వేయుటకు వీలులేనివారు. అట్టివారికి ఏమి బోధింపవలెను? పరలోకమునుగూర్చి మాత్రమే చెప్పి ఊరకుందమా, లేక జొన్నకూటినిగూర్చికూడ చెప్పవలెనా?

అజరయ్య గారు ఈ రెంటిని వేరుచేయలేదు. ఎద్దుబండిమీదను కాలినడకను పల్లెపల్లె తిరిగి ఆయన చెప్పినది యిది: బాప్తిస్మము పొందినవాడు చదువుకొనవలెను, త్రాగుడు మానవలెను, చచ్చిన పశువు మాంసము తినుట మానవలెను, చిన్నబిడ్డలకు పెండ్లి చేయుట మానవలెను, ఇల్లు శుభ్రముగా ఉంచుకొనవలెను, అప్పు తీర్చవలెను. పల్లెకు ఒక ఉపదేశకుడు, రాత్రిబడి, ప్రార్థన – ఇవి ఆయన పద్ధతి. దోర్నకల్లులో ఉపదేశకులకు తర్ఫీదు ఇచ్చునప్పుడు వారి భార్యలకును చదువు చెప్పించిరి. ఆ పనిలో మరియమ్మ గారి చేయి పెద్దది. వైద్యశాలలు, పరపతి సంఘములు, ముద్రణాలయము ఆయన ఖండములో పనిచేసెను. 1935 నాటికి సుమారు 250మంది దేశీయ గురువులును, 2000 పైచిలుకు పల్లె ఉపదేశకులును ఆయనతో సేవచేయుచుండిరి. 1940 తరువాత విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు మించెను.

బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తలమీద ఉంచుకొని, సువార్త ప్రకటింపకపోయినయెడల తమకు శ్రమ అని పలుకునట్లు ఆయన నేర్పిరి. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములోని సంగతియే అది. కూలివాడు కూడ సాక్షియే, చదువురాని అమ్మ కూడ సువార్తికురాలే అని దాని అర్థము.

కానుకనుగూర్చియు ఆయన దాచక బోధించిరి. వంటకు పోయునప్పుడు ఒక పిడికెడు గింజలు ప్రభువుకొరకు కుండలో వేరుగా వేయుట, కోతపండుగనాడు జొన్నలు, కోళ్లు, గుమ్మడికాయలు బలిపీఠమునొద్దకు తెచ్చుట ఆయన సంఘములలో వాడుక. బీదవానిని దేవునికి ఇయ్యవద్దనుట వానిని గౌరవించుట కాదని ఆయన నమ్మిరి. ఎల్లప్పుడు పుచ్చుకొనువాడు తల ఎత్తుకొనలేడు. ఇచ్చువాడు తల ఎత్తుకొనును. పేదసాని రెండు కాసులను ప్రభువు త్రోసివేయలేదుగదా.

దీని ఫలము ఊరి నడిమిదాక పోయెను. పేటలో త్రాగుడు, తగవులు తగ్గుట, బిడ్డలు పలకలు పట్టుట చూచి, కాపులు మొదలైన పై కులములవారు అనేకులు, ముఖ్యముగా 1930 ప్రాంతములలో, వీరి దేవుడెవరని విచారించి బాప్తిస్మము కోరిరి. అంటరానివారని దూరముంచినవారినుండియే సువార్త వారికి అందెను.

అయితే ఒక గోడ మాత్రము అంత త్వరగా కూలలేదు. అది వెలుపలివారు కట్టిన గోడ కాదు, మనలోని గోడ. మాల మాదిగల భేదము బాప్తిస్మపు నీళ్లలో మునిగి మరల పైకి తేలుచుండెను. ఒకరి పేటకు మరియొకరి ఉపదేశకుడు పోయిన అన్నము పెట్టరు. ఒకే గిన్నెనుండి త్రాగుటకు వెనుదీయుదురు. అజరయ్య గారు దీనిని ఆచారమని పోనియ్యలేదు, పాపమని పేరుపెట్టిరి. ప్రభువు బల్లయొద్ద సహోదరుని తృణీకరించువాడు ప్రభువు శరీరమును వివేచింపనివాడని బోధించిరి.

1935లో డాక్టర్ అంబేడ్కర్ గారు తాము హిందువుగా మరణింపబోమని యేవలాలో ప్రకటించిరి. పిమ్మట ఆయన అజరయ్య గారిని కలిసినప్పుడు ఒక ప్రశ్న వేసిరని జీవితచరిత్రకారులు చెప్పుదురు. మావారు క్రైస్తవులైనయెడల ఎక్కడనున్నను ఒకే సంఘముగా ఉందురా? కులభేదమునుండి పూర్తిగా విడిపింపబడుదురా? ఇది ఆ ప్రశ్న సారాంశము. బిషప్పుగారు అవునని చెప్పలేకపోయిరి. జీవితములో అంతగా సిగ్గుపడిన దినము మరి లేదని ఆయన తరువాత ఒప్పుకొనిరట. గద్దింపును అంగీకరించుట గొప్పవారి గుర్తు. ఆయన అడిగినవానిమీద కోపగింపక, ప్రశ్నను ఇంటికి తెచ్చుకొనిరి.

సంఘముల ఐక్యతకొరకు ఆయన అప్పటికే పాటుపడుచుండిరి. 1919 మే మాసములో తరంగంబాడిలో కూడిన దేశీయ గురువుల సభలో ఆయన ముఖ్యులు. అక్కడ మొదలైన పని నెరవేరకమునుపే, 1945 జనవరి 1వ తేదీన, దోర్నకల్లులో ఆయన ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. మోషేవలె ఆయన కొండమీదనుండి చూచి వెళ్లిపోయిరి. కడప, జమ్మలమడుగు ప్రాంతముల లండన్ మిషను సంఘములు ఆ ఐక్యతలో చేరినవి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో అధికభాగము అప్పుడు చేరలేదు; 1970 తరువాతి ఏండ్లలో మాత్రమే చేరినవి. ఎవరిమీదను తీర్పు తీర్చుట మా ఉద్దేశము కాదు. ఒకే జిల్లాలో, ఒకే కులమువారు, ఒకే ప్రభువును కొలుచుచు, రెండు తెరగులుగా ఒక తరమంత ఉండుట ఎంత సులభమో మనము నేర్చుకొనుటకే దీనిని వ్రాసితిమి.

దోర్నకల్లులో ఆయన కట్టించిన ఎపిఫనీ కతీడ్రలు నేటికిని నిలిచియున్నది. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడెను. దాని స్తంభములు మన గుళ్ల స్తంభములవంటివి. గుమ్మటములు మసీదులను తలపించును. ఈ దేశపు రాళ్లతో, ఈ దేశపు పనితనముతో ప్రభువునకు ఇల్లు కట్టవచ్చునని అది చెప్పుచున్నది. అయితే ఆయన కట్టగోరిన మరియొక మందిరము ఇంకను పూర్తికాలేదు. అది మనమే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హక్కు లేకుండ చేసినది. క్రైస్తవులలో కులము లేదన్న మాట దానికి ఒక ఆధారముగా చెప్పబడుచున్నది. న్యాయముకొరకు మనము అడుగుచున్నాము, అడుగుట ధర్మమే. అయితే అడుగునప్పుడు మన చేతులును చూచుకొనవలెను. మన పల్లెలలో మాలపేటకు ఒక దేవాలయము, మాదిగపేటకు ఒక దేవాలయము ఎందుకున్నవి? సమాధుల తోటలో గీత ఎవరు గీసిరి? పెండ్లి పందిటిలో ఎవరి వరుస ఎవరికి వేరు? సంఘపెద్దల ఎన్నికలో ఎవరి పేరు చెప్పగానే గుసగుసలు పుట్టుచున్నవి? రాజ్యమునొద్ద న్యాయము కోరువారు ప్రభువు బల్లయొద్ద అన్యాయము చేయరాదు.

ప్రియులారా, ఈ మాసపు ప్రభురాత్రి భోజనమునకు ముందు ప్రతి సంఘపు పెద్దలు ఒక సాయంకాలము కూడుకొని గలతీ రెండవ అధ్యాయము చదువుడి. పొరుగుపేటలోని విశ్వాసులను ఒక పూట అన్నమునకు పిలువుడి. జొన్నరొట్టె, ఊరిమిండి చాలును. వారు పిలిచిన మీరును వెళ్లుడి. వారి కంచములో తినుడి. పిలుచుట ఎంత కష్టమో, వెళ్లుట అంతకంటె కష్టమని మాకు తెలియును. పేతురుకును కష్టమాయెను.

ప్రార్థన: గోడను పడగొట్టిన ప్రభువా, మేము మరల పేర్చిన రాళ్లను మాచేతనే తీయించుము. నీ సేవకుడైన అజరయ్య గారు చూడని దినమును మా బిడ్డలు చూచునట్లు చేయుము. ఆమేన్.