గ్యాలరీకి ఆట నేర్పిన నాయకుడు

గత ఏడాది మా బడి మైదానంలో ఓ క్రికెట్ మ్యాచ్ జరిగింది. ఇటు మా తెలుగు మాధ్యమం పిల్లలు, అటు పక్క వీధి కన్నడ మాధ్యమం పిల్లలు. అంపైరుగా నిలబడింది వాళ్ల బడిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడు. మా కెప్టెన్‌ను రనౌట్ అన్నాడు. చెట్టు కింద కూర్చున్న మా తల్లిదండ్రుల్లో కొందరు లేచి కేకలు వేశారు. మొదట అంపైరును తిట్టారు, తర్వాత వాళ్ల బడిని, ఆఖరికి మాట వాళ్ల భాష మీదికి వెళ్లింది. ఆ కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అక్కడే ఉన్న ఉపాధ్యాయులం మేము వెంటనే అడ్డుపడలేదు. మర్నాడు మా ఆరో తరగతి పిల్లలు అవే మాటలు ఆటలాగా అనుకుంటుంటే విని తల దించుకున్నాం.

అప్పటి నుంచి మా తరగతుల్లో ఒకరి జీవితం చెబుతున్నాం. ఆయన వెస్టిండీస్ కెప్టెన్ సర్ ఫ్రాంక్ వారెల్. చనిపోయి అరవై ఏళ్లు కావస్తోంది. ప్రేక్షకులు ఎందుకు చప్పట్లు కొడతారో, ఎందుకు సీసాలు విసురుతారో తెలుసుకోవాలంటే ఆయన కథ కన్నా మంచి పాఠం మాకు కనిపించలేదు.

వారెల్ 1924 ఆగస్టు 1న బార్బడోస్ దీవిలో పుట్టారు. తండ్రి ఓడల మీద ఉద్యోగి. తల్లి న్యూయార్క్ వెళ్లిపోయింది. పిల్లవాణ్ని అమ్మమ్మ ఇంట పెంచారు. ఇంటికి దగ్గర్లోనే క్రికెట్ మైదానం. అదే దీవిలో, దాదాపు అదే వయసులో పుట్టిన ఎవర్టన్ వీక్స్, క్లైడ్ వాల్కాట్‌లతో కలిపి ఈయనను ప్రపంచం మూడు డబ్ల్యూలుగా పిలిచింది. బడిలో గర్విష్ఠి అనే ముద్ర పడింది. అది చాలాకాలం వదల్లేదు. ఆ మాట పడలేకే కావచ్చు, 1947లో జమైకాకు వెళ్లి స్థిరపడ్డారు. పుట్టిన నేల ఒకటి, బతికే నేల మరొకటి. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్లు వెంటనే అందుకుంటారు. వాళ్ల తాతముత్తాతల కథ కూడా అదే కదా.

1950లో వెస్టిండీస్ జట్టు లార్డ్స్ మైదానంలో మొదటిసారి ఇంగ్లండ్‌ను ఓడించింది. లండన్‌కు వలస వచ్చిన కరీబియన్ కార్మికులు గిటార్లతో పాటలు పాడుకుంటూ మైదానంలోకి వచ్చి నాట్యమాడారు. నెమ్మదిగా చప్పట్లు కొట్టే అలవాటున్న లార్డ్స్ అలాంటి సంబరం అంతకు ముందు చూడలేదు. ఎవరినీ నొప్పించని సంబరం అది. తర్వాతి టెస్టులో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో వారెల్ 261 పరుగులు చేశారు.

ఇంత ఆడినా ఆయనకు జట్టు పగ్గాలు మాత్రం ఇవ్వలేదు. నల్లజాతి ఆటగాడు జట్టును నడపగలడని పాలకవర్గం నమ్మలేదు. 1948లో జార్జ్ హెడ్లీకి ఒక్క టెస్టు అప్పగించి సరిపెట్టారు. పూర్తి సిరీస్ ఎవరికీ దక్కలేదు. వారెల్ ఈ లోపు ఇంగ్లండ్‌లో లీగ్ క్రికెట్ ఆడుతూ, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చదివి పట్టా తెచ్చుకున్నారు. మేము పిల్లలకు గట్టిగా చెప్పేది ఈ ముక్కే. పేరున్న ఆటగాడు ముప్పై దాటాక పుస్తకాలు పట్టుకుని తరగతిలో కూర్చున్నాడు.

1960 జనవరి 30న ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇంగ్లండ్‌తో రెండో టెస్టు. మైదానంలో సుమారు 30,000 మంది. వెస్టిండీస్ వరుసగా వికెట్లు పోగొట్టుకుంటోంది. స్థానిక కుర్రాడు చరణ్ సింగ్ రనౌట్ కావడంతో స్కోరు 8 వికెట్లకు 98. గ్యాలరీ నుంచి సీసాలు వచ్చిపడ్డాయి. జనం మైదానంలోకి దూసుకొచ్చారు. ఆ రోజు ఆట ఆగిపోయింది. వారెల్ ఆ జట్టులో ఆటగాడు.

సీసా విసిరినవాడిది తప్పే. అందులో రెండో మాట లేదు. అయితే ట్రినిడాడ్ రచయిత సీఎల్ఆర్ జేమ్స్ దాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూశారు. తమ ఆటను నడిపేవాళ్లు తమకు న్యాయం చేయడం లేదని నమ్మిన జనం ప్రతి నిర్ణయంలోనూ కుట్రనే చూస్తారని ఆయన వాదన. వారెల్‌ను కెప్టెన్ చేయాలని తన పత్రికలో పట్టుబట్టి రాశారు. ఆ ఏడాదే ఆస్ట్రేలియా పర్యటనకు వారెల్‌ను కెప్టెన్‌గా ప్రకటించారు. అంతవరకు కెప్టెన్‌గా ఉన్న జెర్రీ అలెగ్జాండర్ అలగలేదు. వికెట్ కీపర్‌గా వారెల్ కింద ఆడి, ఆ పర్యటన టెస్టుల్లో జట్టులో అత్యుత్తమ సగటు సాధించారు. పదవి పోయిన మనిషి ఎలా నడుచుకోవాలో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

1960 డిసెంబరులో బ్రిస్బేన్‌లో మొదటి టెస్టు. ఆస్ట్రేలియా కెప్టెన్ రిచీ బినో. చివరి రోజు ఆస్ట్రేలియాకు 233 పరుగులు కావాలి. అప్పట్లో అక్కడ ఓవరుకు 8 బంతులు. వెస్ హాల్ వేసిన ఆఖరి ఓవర్లో 6 పరుగులు కావాలి, చేతిలో 3 వికెట్లు. ఏడో బంతికి జో సాలమన్ పక్క నుంచి విసిరిన బంతి నేరుగా వికెట్లను కొట్టింది. రెండు జట్లూ 737 పరుగుల దగ్గర నిలిచాయి. అప్పటికి 83 ఏళ్ల టెస్టు చరిత్రలో అదే మొదటి టై. గందరగోళంలో ఏం జరిగిందో కొందరు ఆటగాళ్లకే వెంటనే అర్థం కాలేదు. వారెల్ మాత్రం ఓవరంతా నింపాదిగా ఉండి, ఆఖర్లో గీత దాటకుండా బంతి వేయమని హాల్‌కు గుర్తుచేశారు.

తర్వాతి టెస్టు మెల్‌బోర్న్‌లో. సాలమన్ బ్యాటింగ్ చేస్తుండగా ఆయన టోపీ జారి వికెట్ల మీద పడి బెయిల్ కింద పడింది. బినో అప్పీలు చేశారు. నిబంధన ప్రకారం అవుటే. ఆ అప్పీలుకు మెల్‌బోర్న్ జనం తమ సొంత కెప్టెన్‌నే గేలి చేశారు. పరాయి ఆటగాడి కోసం సొంత కెప్టెన్ మీద కేకలు! ఆ జనం పరాయి జట్టుకు ఎంత దగ్గరయ్యారో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎందుకు దగ్గరయ్యారు? వారెల్ జట్టు ఓటమి తప్పించుకోవడానికి కాదు, గెలవడానికి ఆడేది. అంపైరు వేలెత్తితే మాట్లాడకుండా వెనక్కి వెళ్లేది.

అయిదో టెస్టు మళ్లీ మెల్‌బోర్న్‌లోనే. 1961 ఫిబ్రవరి 11న ఒక్కరోజే 90,800 మంది వచ్చారు. ఆఖరి ఘడియల్లో ఆస్ట్రేలియా బ్యాటర్ గ్రౌట్ ఆడిన బంతికి బెయిల్ కింద పడింది. అంపైర్లు నాటౌట్ అన్నారు. వారెల్ జట్టు దాన్ని రచ్చ చేయలేదు. 2 వికెట్ల తేడాతో మ్యాచ్ పోయింది, 2-1తో సిరీస్ పోయింది. టై అయిన మ్యాచ్ బంతిని అమర్చి, వారెల్ పేరుతోనే చేయించిన కొత్త ట్రోఫీని వారెల్ స్వయంగా బినోకు అందించారు. కొద్ది రోజులకు ఓడిన ఆ జట్టును మెల్‌బోర్న్ వీధుల్లో పైకప్పు లేని కార్లలో ఊరేగించారు. వీడ్కోలు చెప్పడానికి లక్షల మంది రోడ్ల పక్కన నిలబడ్డారు.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ సీసాలకూ ఈ ఊరేగింపుకూ మధ్య ఏడాది పైన కొద్ది రోజులే తేడా. దేశం వేరు, జనం వేరు, నిజమే. కానీ మైదానంలో ఉన్నవాళ్లు, ఆటను నడిపేవాళ్లు ఎలా ఉంటే గ్యాలరీ అలా ఉంటుందన్నది రెండు చోట్లా ఒకటే.

1962లో మన జట్టు వెస్టిండీస్ వెళ్లింది. హైదరాబాద్ ఆటగాడు ఎం.ఎల్. జయసింహ కూడా అందులో ఉన్నారు. మార్చిలో బార్బడోస్ జట్టుతో మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి పుర్రె చిట్లింది. ప్రాణాపాయం. శస్త్రచికిత్సకు రక్తం కావాలి. రక్తమిచ్చినవాళ్లలో మనవాళ్లు బోర్డే, ఉమ్రిగర్, నాద్‌కర్ణిలతో పాటు ఎదుటి జట్టు కెప్టెన్ వారెల్ ఉన్నారు. కాంట్రాక్టర్ బతికారు. మళ్లీ టెస్టు ఆడలేకపోయారు. ఆ సిరీస్‌ను వెస్టిండీస్ 5-0తో గెలిచింది. మైదానంలో ఏమాత్రం కనికరం చూపని జట్టు కెప్టెన్, ఆసుపత్రిలో రక్తమిచ్చినవాడు ఒకే మనిషి. గట్టిగా ఆడటానికీ మర్యాదగా ఉండటానికీ పోటీ లేదు.

పలు కరీబియన్ దీవులను కలిపి 1958లో ఏర్పాటు చేసిన సమాఖ్య 1962లో విడిపోయింది. క్రికెట్ జట్టు విడిపోలేదు. ఏ దీవివాడన్నది చూడకుండా ఆటగాళ్లను ఒకటిగా నిలిపిన ఘనత వారెల్‌దేనని అందరూ ఒప్పుకుంటారు. 1963లో ఇంగ్లండ్‌ను 3-1తో ఓడించి ఆయన ఆట నుంచి తప్పుకున్నారు. కెప్టెన్‌గా 15 టెస్టుల్లో 9 గెలిచారు. 1964లో సర్ బిరుదు వచ్చింది. ఆపైన ఆయన ఎంచుకున్నది మనలాంటి పనే. వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల బాగోగులు చూసే బాధ్యత.

1967 జనవరి 1న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, వెస్టిండీస్ టెస్టు రెండో రోజు. ఉన్న సీట్లకు మించి టికెట్లు అమ్మారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు చోటు లేక బౌండరీ గీత దగ్గరికి వచ్చి కూర్చున్నారు. పోలీసులు లాఠీలు ఎత్తారు, భాష్పవాయువు వదిలారు. జనం తిరగబడ్డారు, గ్యాలరీలు తగలబడ్డాయి. ఇక్కడా నిప్పు పెట్టినవాడిది తప్పే. లేని సీటుకు టికెట్ అమ్మినవాడిది అంతకు ముందటి తప్పు.

ఆ పర్యటన సమయంలో వారెల్ మన దేశంలోనే ఉన్నారు. అప్పటికే ఒంట్లో రక్త క్యాన్సర్ ఉంది. అదే ఏడాది మార్చి 13న కింగ్‌స్టన్‌లో కన్నుమూశారు. వయసు 42. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీలో సంస్మరణ ప్రార్థన జరిగింది. ఓ క్రికెటర్‌కు అక్కడ ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. బార్బడోస్ 5 డాలర్ల నోటు మీద ఇప్పుడు ఆయన బొమ్మ ఉంటుంది.

మమ్మల్ని ఎక్కువగా కదిలించేది ఇంకొకటి. బెంగాల్ క్రికెట్ సంఘం 1981 నుంచి ఏటా ఫిబ్రవరి 3న ఫ్రాంక్ వారెల్ దినం పేరుతో రక్తదాన శిబిరం పెడుతోంది. గ్యాలరీలు తగలబడ్డ ఊళ్లోనే, ఓ పరాయి దేశపు కెప్టెన్ పేరు మీద జనం వరుసలో నిలబడి రక్తమిస్తున్నారు.

ఈ ఏడాది మళ్లీ ఆ రెండు బడుల మ్యాచ్ పెట్టాం. ముందుగా మేము ఆ బడికి వెళ్లి, పోయినేడు అంపైరుగా నిలబడ్డ పిల్లవాణ్ని, అతని తల్లిదండ్రులను కలిసి తప్పు ఒప్పుకున్నాం. ఈసారి కూడా అంపైరుగా ఉండమని అడిగాం. కాసేపు ఆలోచించి సరే అన్నాడు. చెట్టు నీడలో కుర్చీలు ముందు వాళ్ల పెద్దలకు వేశాం. మ్యాచ్ మేము ఓడిపోయాం. మధ్యలో ఓ ఎల్బీడబ్ల్యూ దగ్గర మా వైపు నుంచి ఒక తండ్రి లేవబోయాడు. ఆరో తరగతి చదివే ఆయన కూతురే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.