మూడో జట్టు ఆట చూడబోయిన పెద్దాయన

సాయంత్రం బడి వదిలాక మైదానంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూస్తూనే ఉంటాం. ఒకరిద్దరి ఒంటి మీదైనా విదేశీ క్లబ్బు చొక్కా ఉంటుంది. ఎర్ర చొక్కా, తెల్ల చేతులు, వీపు మీద పెద్ద అంకె ఉంటే అది లండన్‌లోని ఆర్సెనల్ జట్టుది. ఆ తెల్ల చేతులు తెచ్చిన మనిషి, వీపు మీద అంకె వేయించిన తొలివారిలో ఒకరు, కన్నుమూసి తొంభై ఏళ్లు దాటింది. ఆయన పేరు హెర్బర్ట్ చాప్‌మన్. ఓడిపోతున్న జట్లను నిలబెట్టడంలో పేరు మోసిన మేనేజరు. మధ్యలో పెద్ద నింద మోసి, ఆటకే దూరమై, మళ్లీ లేచి నిలబడ్డవారు. బడి నడిపేవాళ్లం, బడికి పిల్లల్ని పంపేవాళ్లం తెలుసుకోదగ్గ జీవితం ఆయనది.

గనుల ఊరి బిడ్డ

చాప్‌మన్ 1878 జనవరి 19న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరానికి దగ్గర్లో ఉన్న కివెటన్ పార్క్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఆ ఊళ్లో మగపిల్లలు పెద్దయితే గనిలోకి దిగడమే ఆనవాయితీ. చాప్‌మన్ మాత్రం చదువు వదల్లేదు. షెఫీల్డ్‌లో గనుల ఇంజినీరింగ్ చదువుకున్నారు.

ఆటగాడిగా ఆయన గొప్పవారేమీ కాదు. ఏడాదికో రెండేళ్లకో క్లబ్బు మారుతూ దాదాపు పది జట్లకు ఆడారు. ఆ రోజుల్లో ఇంట్లో పేరున్న ఆటగాడు తమ్ముడు హ్యారీయే. 1903, 1904లో వరుసగా లీగ్ గెలిచిన షెఫీల్డ్ జట్టులో అతనున్నాడు.

1907లో నార్తాంప్టన్ టౌన్ అనే చిన్న క్లబ్బు చాప్‌మన్‌ను మేనేజరుగా పిలిచింది. అంతకు ముందు రెండేళ్లూ ఆ జట్టుది పట్టికలో అట్టడుగు స్థానం. ఎవరు ఎక్కడ నిలబడాలి, బంతి ఎటు పంపాలి అని ఆటగాళ్లను కూర్చోబెట్టి ముందే మాట్లాడుకోవడం అప్పట్లో పెద్దగా లేదు. చాప్‌మన్ అది మొదలుపెట్టారు. 1909లో నార్తాంప్టన్ సదరన్ లీగ్ గెలిచింది.

లీడ్స్‌లో పడ్డ మచ్చ

1912లో ఆయన రెండో డివిజన్‌లో ఆడే లీడ్స్ సిటీకి వెళ్లారు. రెండేళ్లలో ఆ జట్టును నాలుగో స్థానానికి తెచ్చారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. చాప్‌మన్ 1916 నుంచి లీడ్స్ దగ్గరి ఆయుధ కర్మాగారంలో మేనేజరుగా పనిచేశారు. యుద్ధకాలంలో ఆటగాళ్లకు జీతం ఇవ్వకూడదన్నది నియమం. లీడ్స్ సిటీ రహస్యంగా డబ్బు ఇచ్చిందని యుద్ధం ముగిశాక ఆరోపణ వచ్చింది. లెక్కల పుస్తకాలు చూపించమంటే క్లబ్బు ససేమిరా అంది.

1919 అక్టోబరులో, ఆ ఏడాది ఎనిమిది ఆటలు ఆడేశాక, లీడ్స్ సిటీని లీగ్ నుంచి వెళ్లగొట్టారు. క్లబ్బు మూతపడింది. లీడ్స్‌లోని ఒక హోటల్లో ఆటగాళ్లను వేలానికి పెట్టారు. సంతలో పశువుల్లా ఒక్కొక్కరికీ ఒక ధర. అందరికీ కలిపి తొమ్మిది వేల పౌండ్ల పైచిలుకు వచ్చింది. పెద్దల తప్పుకు ఆటగాళ్లు తలో ఊరికీ చెదిరిపోయారు. బడి మూతపడితే పిల్లల గతి ఏమవుతుందో తెలిసిన మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

చాప్‌మన్‌తో కలిపి అయిదుగురిని జీవితాంతం ఆట నుంచి నిషేధించారు. అప్పటికే ఆయన క్లబ్బు వదిలి, సెల్బీ పట్టణంలోని ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. కొన్నాళ్లకు ఆ ఉద్యోగమూ పోయింది. నలభై దాటిన మనిషికి చేతిలో పని లేదు, వచ్చిన విద్యకు దారి మూసుకుపోయింది.

హడర్స్‌ఫీల్డ్ టౌన్ క్లబ్బు ఆయన తరఫున నిలిచి అప్పీలు చేయించింది. ఆ చెల్లింపులు జరిగిన రోజుల్లో తాను ఆయుధ కర్మాగారంలో ఉన్నానన్నది ఆయన వాదన. నిషేధం ఎత్తేశారు. అసలు సంగతి ఆయనకు ఎంతవరకు తెలుసన్న చర్చ చరిత్రకారుల్లో నేటికీ తెగలేదు. ఆ మచ్చను దాచి ఆయన కథ చెప్పలేం.

రెండో అవకాశం

1921లో హడర్స్‌ఫీల్డ్ బాధ్యత చేతికొచ్చింది. మరుసటి ఏడాదే ఎఫ్‌ఏ కప్ గెలిపించారు. 1924లోనూ 1925లోనూ జట్టు ఇంగ్లండ్ లీగ్ విజేత. ఆయన వెళ్లిపోయిన మరుసటి ఏడాది కూడా గెలిచింది. వరుసగా మూడేళ్లు లీగ్ గెలిచిన తొలి క్లబ్బు అదే. మొదటి జట్టు ఆడే పద్ధతినే రెండో జట్టూ, మూడో జట్టూ ఆడాలన్నది అక్కడ ఆయన పెట్టిన నియమం. పైజట్టులో ఒకరు గాయపడితే కిందనుంచి వచ్చే కుర్రాడికి పని కొత్తగా ఉండదు. కింది జట్లకు కూడా అంతే శ్రద్ధగా నేర్పితేనే అది సాధ్యం.

ఆర్సెనల్ అనే ఇల్లు

1886లో ఆయుధ కర్మాగారం కార్మికులు పెట్టుకున్న క్లబ్బు ఆర్సెనల్. 1925లో చాప్‌మన్ వచ్చేనాటికి అది 22 జట్లలో ఇరవయ్యోది. పెద్ద కప్పు ఒక్కటీ గెలిచి ఎరగదు.

అదే ఏడాది ఆఫ్‌సైడ్ నియమం మారింది. ముందుకు వెళ్లిన ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలన్నది పోయి ఇద్దరుంటే చాలన్నారు. గోల్స్ వరదలా పడసాగాయి. అక్టోబరులో న్యూకాజిల్ చేతిలో ఆర్సెనల్ 7-0తో చిత్తయింది. మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి దింపుదామని సీనియర్ ఆటగాడు చార్లీ బుకన్ సూచించారు. చాప్‌మన్ విన్నారు. తర్వాత దానికి మెరుగులు దిద్ది పూర్తి పద్ధతిగా మలిచారు. ఆటగాళ్లు నిలబడే చోట్లను కాగితం మీద గీస్తే ముందువారు ఇంగ్లిష్ డబ్ల్యూ ఆకారంలో, వెనకవారు ఎమ్ ఆకారంలో కనిపిస్తారు. ఎన్నో దేశాలు దాన్నే అనుసరించాయి.

జట్టును కూర్చడంలో ఆయన నేర్పు చూడాలి. డేవిడ్ జాక్ కోసం పదివేల పౌండ్లు దాటి ఖర్చుపెట్టారు. అంతవరకు ఏ ఆటగాడికీ అంత ధర లేదు. పాల బండి తోలిన ఎడ్డీ హ్యాప్‌గుడ్‌ను 19 ఏళ్లకు తెచ్చారు. అతను తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయ్యాడు. క్లిఫ్ బాస్టిన్‌ను 17 ఏళ్లకే తీసుకున్నారు. గోల్స్ వేయడం అలవాటైన అలెక్స్ జేమ్స్‌కు, ఇతరులకు బంతి అందించే పని ఒప్పజెప్పారు. మోకాలు దెబ్బతిని ఆట ముగిసిపోయిన టామ్ విటేకర్‌ను ఇంటికి పంపలేదు. గాయాలకు చికిత్స నేర్చుకోమని చెప్పి శిక్షకుణ్ని చేశారు. తర్వాత విటేకర్ అదే క్లబ్బు మేనేజరై రెండుసార్లు లీగ్ గెలిపించారు.

1930 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఆర్సెనల్ 2-0తో గెలిచింది. ఎదురుగా నిలిచింది ఆయన పెంచిన హడర్స్‌ఫీల్డే. 1931లో లీగ్ గెలిచింది. దక్షిణ ఇంగ్లండ్ జట్టుకు అదే మొదటిసారి. 1933లో మళ్లీ గెలిచింది. 1928లో వీపు మీద అంకెలు వేయించారు. లీగ్ పెద్దలు దాన్ని అందరికీ తప్పనిసరి చేసింది 1939లో. దీపాల వెలుగులో రాత్రి ఆట ఆడదామన్నా అప్పట్లో ఒప్పుకోలేదు. మైదానం పక్కనున్న భూగర్భ రైలు స్టేషన్‌కు మాత్రం 1932లో ఆర్సెనల్ పేరు పెట్టించగలిగారు.

కఠినం కూడా ఉంది. 1933 జనవరిలో వాల్సాల్ అనే చిన్న జట్టు చేతిలో ఓడిపోయినప్పుడు, అనవసరంగా ప్రత్యర్థిని పడేసి పెనాల్టీ ఇచ్చిన టామీ బ్లాక్ అనే కుర్రాణ్ని కొద్దిరోజుల్లోనే వేరే క్లబ్బుకు అమ్మేశారు. ఒక్క తప్పుకు అంత శిక్షా అనిపిస్తుంది. తనకు దొరికిన రెండో అవకాశం ఆ కుర్రాడికి ఆయన దగ్గర దొరకలేదు.

చివరి వారం

1934 కొత్త సంవత్సరం రోజున ఇతర జట్ల ఆట చూడటానికి ఉత్తరాదికి వెళ్లారు. తర్వాతి ప్రత్యర్థిని చూడటానికి షెఫీల్డ్‌లో ఆగి, సొంత ఊళ్లో ఒక రాత్రి గడిపారు. జలుబుతో లండన్ తిరిగొచ్చారు. విశ్రాంతి తీసుకోమని డాక్టరు చెప్పినా వినలేదు. గిల్డ్‌ఫర్డ్‌లో ఆ రోజు మూడో జట్టు ఆట ఉంది. చలిలో నిలబడి చూసి వచ్చారు. జలుబు న్యుమోనియాగా మారింది. జనవరి 6 తెల్లవారుజామున కన్నుమూశారు. వయసు 55. అదే మధ్యాహ్నం ఆర్సెనల్ తన మైదానంలో ఆడింది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ లీగ్ గెలిచింది.

ఇప్పటి ఆర్సెనల్ స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది. గెలిచిన కప్పులను బట్టి ఆయన్ను తలుచుకుంటారు. మనం ఆయన చివరిసారి చూసిన ఆటను కూడా తలుచుకుందాం. పత్రికలు రాయని ఆట అది, పేర్లు ఎవరికీ తెలియని కుర్రాళ్లు. మన బడుల్లో పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు మొదటి పదిమంది పేర్లు బోర్డు మీద రాస్తాం. ఈసారి ఆ పని అయ్యాక, బోర్డెక్కని పిల్లల ఇళ్లకూ ఒకసారి వెళ్లి పలకరిద్దాం.