కండ కదలిక గుట్టు విప్పిన జీన్ హాన్సన్

చపాతీ పిండి కలుపుతున్నప్పుడో, నీళ్ల బిందె ఎత్తుతున్నప్పుడో చేతి కండ బిగుసుకుని పొట్టిగా ఉబ్బడం మనందరికీ తెలిసిందే. మరి కండ పొట్టిదవడమంటే ఏమిటి? లోపల ఏం జరుగుతుంది? చిన్న ప్రశ్నే! కానీ 1950 నాటికి కూడా దీనికి సరైన జవాబు లేదు. ఆ జవాబు వెతికి పట్టుకున్న కొద్దిమందిలో ఒక మహిళ ఉంది. ఆమే జీన్ హాన్సన్.

మనం బాలల దినోత్సవం జరుపుకునే నవంబర్ 14నే, 1919లో, ఇంగ్లండులోని డెర్బీషైర్ ప్రాంతంలో న్యూహాల్ అనే ఊళ్లో ఆమె పుట్టింది. పసిబిడ్డగా ఉండగానే తండ్రి పోయాడు. తల్లి బడిలో పాఠాలు చెబుతూ, ఒక్కగానొక్క కూతుర్ని తానే పెంచి పెద్దచేసింది. లండన్‌లో అప్పట్లో ఆడపిల్లల కోసమే నడిచిన బెడ్‌ఫర్డ్ కాలేజీలో చేర్పించింది. అక్కడ జీన్ జువాలజీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకుంది. అంతలో రెండో ప్రపంచయుద్ధం! చదువులూ పరిశోధనలూ చెల్లాచెదురయ్యాయి. అయినా ఆమె మైక్రోస్కోపును వదల్లేదు.

1948లో లండన్ కింగ్స్ కాలేజీలో, జాన్ రాండాల్ నడిపే బయోఫిజిక్స్ విభాగంలో చేరింది. డీఎన్‌ఏ ఫొటోలతో పేరుపొందిన రోజాలిండ్ ఫ్రాంక్లిన్ 1951 నుంచి పనిచేసిందీ ఇక్కడే. ఒకరు డీఎన్‌ఏ వెంట పడితే, మరొకరు కండరం వెంట పడ్డారన్నమాట.

1953లో జీన్ అమెరికాలోని ఎంఐటీకి వెళ్లింది. అక్కడే ఇంగ్లండు నుంచే వచ్చిన హ్యూ హక్స్‌లీ అనే కుర్ర శాస్త్రవేత్త పరిచయమయ్యాడు. ఈమెకు బతికున్న కణాల్ని రంగులు పూయకుండానే చూపించే ఫేజ్ కాంట్రాస్ట్ కాంతి మైక్రోస్కోపులో మంచి పట్టు. అతనికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పట్టు. ఇద్దరి నేర్పూ కలిసింది.

కండరపు పోగును పెద్దది చేసి చూస్తే నల్లచారలు, తెల్లచారలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. జీన్, హక్స్‌లీ కుందేలు కండరపు పోగుల్ని గాఢమైన ఉప్పునీటితో కడిగారు. మయోసిన్ అనే ప్రొటీన్ కరిగి పోవడంతో నల్లచారలు మాయమయ్యాయి. అంటే నల్లచారలో ఉన్నది మయోసిన్ లావు పోగులు. మిగిలినవి ఆక్టిన్ అనే ప్రొటీన్ సన్నపోగులు. తర్వాత పోగులకు శక్తినిచ్చే ఏటీపీ కలిపి కుంచించుకుపోయేలా చేశారు. విచిత్రం! నల్లచార వెడల్పు మారలేదు. తెల్లచార మాత్రమే సన్నబడింది.

అప్పటిదాకా చాలామంది ప్రొటీన్ పోగులే ముడుచుకుని పొట్టివవుతాయని అనుకునేవారు. అది కాదని తేలిపోయింది. ఒక్కసారి అగ్గిపెట్టె చేతిలోకి తీసుకోండి. బయటికి లాగిన అరను లోపలికి నెట్టండి. మొత్తం పొడవు తగ్గింది కదా? కానీ అరా పొట్టిది కాలేదు, పెట్టే పొట్టిది కాలేదు. ఒకదాంట్లోకి ఒకటి జారాయంతే. కండరంలో జరిగేదీ ఇదే! సన్నపోగులు లావుపోగుల మధ్యకు జారతాయి.

ఈ మాటను వాళ్లు 1954లో నేచర్ పత్రికలో చెప్పారు. అదే సంచికలో కేంబ్రిడ్జికి చెందిన ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె కూడా వేరే దారిలో వెళ్లి అదే మాట చెప్పారు. ఇంటిపేరు ఒకటే అయినా ఇద్దరు హక్స్‌లీలూ చుట్టాలు కారు! అయినా పెద్దపెద్ద వాళ్లు చాలాకాలం నమ్మలేదు. జీన్ వాదనకు దిగలేదు. లండన్ తిరిగొచ్చి మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఒక్కో జీవి కండరాన్నీ ఓపిగ్గా పరీక్షించింది.

1963లో జాక్ లోవీతో కలిసి ఆక్టిన్ పోగు నిర్మాణాన్ని బయటపెట్టింది. రెండు పూసల దండల్ని ఒకదానికొకటి మెలిపెడితే ఎలా ఉంటుందో, ఆ పోగు అలా ఉంటుంది.

ఆక్టిన్ కండరాల్లోనే కాదు, మన ఒంట్లోని కణాలన్నిటిలోనూ ఉందని క్రమంగా తెలిసింది. కణానికి లోపలి అస్థిపంజరం లాంటిదన్నమాట. అయితే మన ఎముకల్లా ఎప్పుడూ ఒకే తీరున ఉండదు. కణం ఎటు వెళ్లాలో అటువైపు ఆక్టిన్ పూసలు ఒకదాని వెనుక ఒకటి చేరి, పోగులు పెరిగి, కణం అంచును ముందుకు నెడతాయి. మయోసిన్ వెనకభాగాన్ని బిగించి లాగుతుంది. కణం పాకుతుంది! కూరలు తరుగుతూ వేలు కోసుకుంటే చర్మకణాలు పాకి గాయాన్ని మూసేదీ, తెల్లరక్తకణాలు క్రిముల్ని తరిమి పట్టుకునేదీ ఇలాగే. క్యాన్సర్ కణాలు ఒకచోటి నుంచి మరోచోటికి పాకేదీ ఇలాగే. అందుకే ఈ పోగుల మీద ఇప్పటికీ ఇంత పరిశోధన.

1967లో జీన్‌ను రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నుకుంది. 1970లో కండరాల పరిశోధన విభాగానికి ఆమే డైరెక్టరయింది. కానీ 1973 ఆగస్టు 10న, హఠాత్తుగా సోకిన ఇన్ఫెక్షన్‌తో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 53 ఏళ్లే.

కండరపు పోగులు జారతాయన్న ఆ సిద్ధాంతానికి నోబెల్ బహుమతి రాలేదు. అయితేనేం? ఇంటర్ జువాలజీలో మన పిల్లలు కండరాల గురించి చదివే స్లైడింగ్ ఫిలమెంట్ పాఠం ఆమె కష్టఫలమే. ఈసారి మీ అమ్మాయి ఆ పాఠం చదువుతుంటే, జీన్ హాన్సన్ కథ కూడా చెప్పండి. అగ్గిపెట్టె తీసి చూపించడం మరిచిపోకండేం!